ట్రాక్టరును ఏ చక్రములు లాగవలెను?

ట్రాక్టరు కొనదలచి దుకాణమునకు పోయిన రైతును నేడు మొదట అడుగు ప్రశ్న “టూ వీలా, ఫోర్ వీలా?” అనునది. కొన్నేండ్ల క్రిందట మన గ్రామములలో ఈ ప్రశ్న అంతగా వినబడెడిది కాదు. వెనుక పెద్ద చక్రములు లాగవలెను, ముందు చిన్న చక్రములు దారి మళ్ళించవలెను, ట్రాక్టరనిన అదియే. ఇప్పుడు ముందు చక్రములకు కూడ గ్రిప్పు టైర్లు వేసి, ఇంజను శక్తిని వాటికి సైతము అందించు ట్రాక్టర్లు అన్ని ప్రాంతములలోను కనబడుచున్నవి. ఒకే కంపెనీవారి ఒకే అశ్వశక్తి గల ట్రాక్టరులో ఈ రెండు రకములకు వెలలో తేడా సుమారు లక్ష రూపాయలు, ఒక్కొక్కచో అంతకు మించియు ఉన్నది.

ఈ లక్ష కొందరు రైతులకు తొందరగానే తిరిగి వచ్చును. మరికొందరికి అప్పు తీరిన పిమ్మట కూడ రాదు. నూటికి 10 వడ్డీ అనుకొన్నను, లక్షకు సంవత్సరమునకు పది వేలు వడ్డీయే అగును. కావున ఏ చక్రములు లాగిన ఏమి జరుగునో, మీ నేలకు, మీ పనికి ఏది అవసరమో సంతకము పెట్టుటకు ముందే తెలిసికొనుట మంచిది. దుకాణదారుడు చెప్పునది అబద్ధమని నా భావము కాదు. అతడు మీ చేను చూడలేదు; అంతియే.

బరువు, పట్టు

ఎద్దుల బండి చక్రము లాగదు. లాగునవి ఎద్దులు, చక్రము దొర్లును. ఎద్దు తన గిట్టను నేలలో గ్రుచ్చి, నేలను వెనుకకు నెట్టి ముందుకు పోవును. మోటారు బండిలో ఈ పని చక్రమే చేయవలెను. ఇంజను త్రిప్పు చక్రము నేలను వెనుకకు నెట్టును. నేల బండిని ముందుకు త్రోయును. ఈ త్రోపునకు ఒక హద్దు కలదు. ఆ హద్దును నిర్ణయించునవి రెండు: ఆ చక్రము మీద పడుచున్న బరువు, ఆ నేల స్వభావము.

ఎండిన తారు రోడ్డు మీద, చక్రముపై 100 కిలోల బరువున్నచో సుమారు 70, 80 కిలోల త్రోపు దొరకును. గట్టి చేనిలో అది 50 కిలోల ప్రాంతమునకు దిగును. బురదలో 20, 30 దొరుకుటయు కష్టమే. ఇంజను 35 అశ్వశక్తులదైనను, 60 అశ్వశక్తులదైనను నేల అంతకు మించి ఇవ్వదు. మిగిలిన శక్తి చక్రము గిర్రున తిరుగుటలోను, గోయి తీయుటలోను, టైరు అరుగుటలోను పోవును. కాబట్టి ఎన్ని చక్రములు లాగుచున్నవి అను ప్రశ్నకు అసలు అర్థము, బండి బరువులో ఎంత భాగము లాగు చక్రముల మీద ఉన్నది అనునదే.

కారులలో చూచినచో

ఈ సంగతి కారులలో తేటగా కనబడును. మన పెద్దలు ఎక్కిన అంబాసిడరు కారులో ఇంజను ముందు భాగమున ఉండెడిది. అక్కడనుండి ఒక పొడవైన కమ్మి కారు అడుగుగా పోయి వెనుక ఇరుసును త్రిప్పెడిది. అది వెనుక చక్రములు లాగు కారు. 2014లో దాని తయారీ ఆగిపోయినది. 1983లో వచ్చిన మారుతి 800 కారులో ఇంజను, గేరుపెట్టె రెండును ముందుననే అడ్డముగా అమర్చి, ముందు చక్రములనే త్రిప్పిరి. అడుగున పొడవైన కమ్మి లేదు. బరువు తగ్గినది, లోపల చోటు పెరిగినది, తయారీ ఖర్చు తగ్గినది. నేడు మనము చూచు చిన్న కారులలో అత్యధిక భాగము ఈ తీరువే.

ముందు చక్రములు లాగు కారులో ఇంజను బరువు లాగు చక్రముల మీదనే ఉండును. అందువలన డ్రైవరు ఒక్కడే ఉన్న కారు వానకు తడిసిన మట్టిదారిలో చక్కగా పోవును. అదే దారిలో వెనుక చక్రములు లాగు ఖాళీ కారు వెనుక భాగము తేలికయై ప్రక్కకు జారును. కాని ముందు లాగు కారులో ఐదుగురు ఎక్కి, వెనుక డిక్కీలో రెండు బస్తాలు వేసి, తడిసిన కాలువ గట్టు ఎక్కించి చూడుడు. ఎగువ ఎక్కునపుడు బరువు వెనుకకు వాలును. ముందు చక్రములు తేలికయై ఉన్నచోటనే తిరుగును. అప్పుడు వెనుకనున్నవారిని దింపి, బస్తాలు తీసిన కారు ఎక్కును. జనము దానిని చూచి “బరువు తగ్గినది, ఎక్కినది” అందురు. తగ్గుట ఒక్కటే కాదు, మిగిలిన బరువులో ముందు భాగము వాటా పెరిగినది కూడ. తనిఖీలకు సొంత కారులో తిరుగు గ్రామోద్యోగులు దీనిని గుర్తుంచుకొనిన పలుమారులు ఇతరులను పిలిచి త్రోయించుకొను అగత్యము తప్పును.

జీపు వంటి బండ్లలో నాలుగు చక్రములును లాగును. వీనిలో రెండు తీరులు కలవు. అవసరమైనపుడు డ్రైవరు లివరు వేసి ముందు ఇరుసును కలుపునది ఒకటి. రెండవ దానిలో, ముందు వెనుక ఇరుసులకు నడుమ ఇంకొక సర్దుబాటు గేరు, లేక దానంతట అదే కలిసి విడిపోవు క్లచ్ ఉండును. అది అన్ని రోడ్ల మీదను నడువగలదు. మన ట్రాక్టర్లలో సామాన్యముగా ఉండునది మొదటి తీరు. ఈ భేదము తెలియక చెడిపోయిన ఇరుసులు అనేకము. దానిని గూర్చి తరువాత వ్రాయుదును. నాలుగు చక్రములు లాగు కారు బయలుదేరుటకును ఎక్కుటకును మేలు గాని, ఆగుటకు దానివలన అదనపు మేలు లేదు. బ్రేకులు ఏ కారుకైనను నాలుగు చక్రములకు ఉండనే ఉన్నవి. తడి రోడ్డు మీద జీపు గలవాడు కారు గలవానికన్న వేగముగా పోదగునని భావించుట ప్రమాదకరము.

ట్రాక్టరు వెనుకనుండియే ఎందుకు లాగును?

ముందు చక్రములు మాత్రమే లాగు కారు ఉండగా, అట్టి ట్రాక్టరు మన చేలలో ఏల లేదు? దీనికి జవాబు బండి కట్టిన ప్రతివానికి తెలియును. బస్తాలన్నియు బండి వెనుక భాగమున వేసినచో కాడి పైకి లేచును; పట్టెడ ఎద్దుల గొంతుకు బిగియును. అందుకే బరువును ఇరుసుకు కొంచెము ముందుకు సర్ది, కాడి మీద తగినంత బరువు నిలుచునట్లు చూతురు. ట్రాక్టరు నాగలిని లాగునపుడు జరుగునదియు ఇటువంటిదే. నాగలి వెనుకకు పట్టును. ముందు భాగము పైకి తేలజూచును. ముందు చక్రముల మీది బరువు కొంత వెనుక చక్రముల మీదికి పోవును. లాగుడు పెరిగిన కొలది లాగు చక్రములకు పట్టు పెరుగును. ఇది వెనుక చక్రములకు దక్కు ఉచిత లాభము. హారీ ఫెర్గూసన్ అను ఇంజనీరు పనిముట్టును మూడు చోట్ల బిగించు అమరికను రూపొందించినపుడు ఈ బరువు మార్పిడినే క్రమముగా వాడుకొనెను. నేడు మన ట్రాక్టర్ల వెనుకనున్న మూడు లింకుల హైడ్రాలిక్ అమరికకు అదియే మూలము.

దీనికి ప్రతిగా వరికోత యంత్రమును చూడుడు. టైర్ల మీద నడచు కోత యంత్రములో పెద్ద చక్రములు ముందు ఉండును, లాగునవి అవియే. చిన్న చక్రములు వెనుకనుండి మళ్ళించును. ఆ యంత్రము దేనిని వెనుకనుంచి ఈడ్చదు. కోత బల్ల బరువు, యంత్రము బరువులో పెద్ద భాగము ముందు ఇరుసు మీదనే పడును. బరువున్నచోట లాగుడు పెట్టిరి. చేను ఆరనిచో టైరు మిషను దిగబడునని, మనవారు చైను మిషనును పిలిపింతురు. అక్కడ బరువు పొడవైన పట్టీ మీద పరచుకొని, నేల మీద ఒత్తిడి తగ్గును.

ఒక చిన్న లెక్క

డ్రైవరుతో కలిపి 2,000 కిలోల బరువు గల ట్రాక్టరు ఒకటి ఉన్నదనుకొందము. నిలిచియున్నపుడు ముందు ఇరుసు మీద 700, వెనుక ఇరుసు మీద 1,300 కిలోలు పడుచున్నవి. దున్నునపుడు 300 కిలోలు వెనుకకు మారి, వెనుక 1,600 అయినవి. చేను గట్టిది, నూటికి 50 పట్టు. అనగా 800 కిలోల లాగుడు దొరకును. అదే ట్రాక్టరులో నాలుగు చక్రముల రకము, ముందు ఇరుసు గేర్ల వలన బరువెక్కి 2,250 కిలోలున్నదనుకొందము. బరువంతయు లాగు చక్రముల మీదనే ఉన్నది. 1,125 కిలోల లాగుడు. తేడా 325 కిలోలు.

ఈ లెక్కను చూచి వెంటనే లక్ష తీయరాదు. మొదటి సంగతి: ముందు టైర్లు చిన్నవి, మెత్తని నేలలో అవి దొర్లుటకే కొంత శక్తి తినును. కావున తేడా అంతయు చేతికి రాదు. రెండవ సంగతి ఇంకను ముఖ్యమైనది. రెండు చక్రముల ట్రాక్టరుకే వెనుక 250 కిలోల బరువు చేర్చినచో, లాగుడు 800 నుండి 925కు పెరుగును. అనగా ఆ తేడాలో మూడవ వంతుకు పైగా ఇనుప బిళ్ళలతోనో, టైరులో నీటితోనో సంపాదింపవచ్చును. నీరు ఉచితము.

టైరులో నీరు నింపునపుడు వాల్వు పై భాగమునకు వచ్చునట్లు చక్రమును నిలిపి, వాల్వు మట్టమువరకు మాత్రమే నింపవలెను. అప్పుడు టైరు సుమారు ముప్పాతిక నిండును. మిగిలిన చోట గాలి ఉండును. ఒక్కొక్క వెనుక టైరు నూరు లీటర్లకు పైగా పట్టును. ఇది మెట్ట దుక్కికి మాత్రమే. దమ్ము చేయబోవునపుడు ఆ నీరు తీసివేయవలెను. బురదలో బరువు శత్రువు.

మీ ట్రాక్టరు ఎంత జారుచున్నదో మీరే కొలవవచ్చును

నాలుగు చక్రముల ట్రాక్టరు కావలెనా అను ప్రశ్నకు నమ్మదగిన జవాబు మీ చేనిలోనే ఉన్నది. దీనికి కావలసినవి సున్నపు ముద్ద, రెండు కర్రలు, ఒక మనిషి.

ఎప్పుడును దున్ను లోతునకే పనిముట్టును దింపి, ఎప్పటి గేరులోనే ట్రాక్టరును నడుపవలెను. వెనుక టైరు ప్రక్కన సున్నముతో గీత గీయవలెను. గీత నేలను తాకినచోట ఒక కర్ర పాతి, అక్కడనుండి టైరు సరిగా 10 చుట్లు తిరిగినచోట రెండవ కర్ర పాతవలెను. తరువాత పనిముట్టు పైకెత్తి, ప్రక్కన దున్నని నేల మీద అదే దూరము నడిపి చుట్లు లెక్కపెట్టవలెను. 9 చుట్లు వచ్చినచో జారుడు నూటికి 10. ఎనిమిదిన్నర వచ్చినచో 15. ఏడున్నర వచ్చినచో 25. అనగా టైరు నాలుగు చుట్లు తిరిగిన, మీరు పోయినది మూడు చుట్ల దూరమే.

గట్టి చేనిలో 8 నుండి 15 వరకు జారుట ఆరోగ్యకరము. బొత్తిగా జారకున్నను మంచిది కాదు. ట్రాక్టరు అవసరమునకు మించిన బరువు మోయుచున్నదన్నమాట. 20 దాటినచో డీజిలు, టైర్లు రెండును వృథా అగుచున్నవి. అప్పుడు కూడ కొత్త ట్రాక్టరు కడపటి మందు. ముందు టైర్లు చూడవలెను. గ్రిప్పులు అరిగి గుండయిన టైరుకు నేల చిక్కదు. గాలి చూడవలెను. ట్రాలీ లాగుటకు ఎక్కించిన గాలితోనే చేనిలోకి దిగుట మన ప్రాంతమున సర్వసామాన్యము. గాలి ఎక్కువైన టైరు నడిమి భాగముతో మాత్రమే నేలను తాకును. చేనిలో ఎంత గాలి ఉండవలెనో ట్రాక్టరుతో ఇచ్చిన పుస్తకములో అచ్చు వేసియున్నారు. ఆ పుస్తకము సామాన్యముగా బీరువాలో అప్పు కాగితముల క్రింద ఉండును.

నాలుగు చక్రముల ట్రాక్టరు బేరమాడుచు నా వద్దకు సలహాకు వచ్చిన ఒక రైతు చేనిలో ఈ కొలత తీయగా మొదట 24 వచ్చినది. వెనుక టైర్ల గాలి పుస్తకములో ఉన్నదానికి రెట్టింపు ఉన్నది. గాలి తగ్గించి, బిళ్ళలు వేసి మరల కొలువగా 14కు దిగినది. ఆయన బేరము మానుకొని టైర్లు మార్చుకొనెను. అందరి సంగతి ఇట్లే తేలునని చెప్పజాలను. కాని కొలువక ముందు ఎవరికిని తెలియదు.

ఇంకొక సాధనము మీ ట్రాక్టరులోనే ఉన్నది. మలుపులో బయటి చక్రము ఎక్కువ దూరము, లోపలి చక్రము తక్కువ దూరము పోవలెను. అందులకై ఇరుసు నడుమ డిఫరెన్షియలు గేర్లు పెట్టిరి. వాటి దోషమేమనగా, ఒక చక్రము బురదలో పడి తేలికగా తిరుగుచున్నపుడు శక్తి అంతయు దానికే పోవును; గట్టి నేల మీదనున్న రెండవ చక్రము ఊరక నిలుచును. డిఫరెన్షియల్ లాకు త్రొక్కిన రెండు చక్రములును ఒకటై తిరుగును. చక్రము వేగముగా తిరుగుచుండగా దీనిని త్రొక్కరాదు. క్లచ్ త్రొక్కి, చక్రములు ఆగిన పిమ్మట లాకు వేసి, మెల్లగా తిన్నగా బయటికి రావలెను. మలుపునకు ముందే వదలవలెను. ఈ పెడలును ఏండ్ల తరబడి తాకని డ్రైవర్లను నేను చూచితిని. కొందరికి అది దేనికో తెలియదు.

దమ్ములో

వరి మళ్ళలో ఈ వ్యవహారము మారిపోవును. డెల్టాలో ఏండ్ల తరబడి దమ్ము చేసిన మళ్ళలో, బురద క్రింద గట్టి పొర ఒకటి ఏర్పడియుండును. ఇనుప దమ్ము చక్రములు ఆ పొర వరకు దిగి, దానిని ఊని లాగును. అట్టి మడిలో రెండు చక్రముల ట్రాక్టరు దమ్ము చక్రములతో ఇన్నేండ్లు పని చేసినది, ఇప్పుడును చేయుచున్నది. అయితే కిరాయికి రోజుకు పదునాలుగు గంటలు దమ్ము చేయువారికి నాలుగు చక్రముల ట్రాక్టరు నిజముగా ఉపయోగించును. ముందు చక్రములు బురదను త్రోసికొనుచు పోవు బదులు తామే లాగును. మలుపులో స్టీరింగు త్రిప్పిన వైపునకు ముందు భాగము పోవును. గట్టు దాటునపుడు ముందు భాగము ఎక్కును. రెండు చక్రముల దానిలో ముందు చక్రములు బురదలో అడ్డముగా తిరిగి, ట్రాక్టరు మాత్రము తిన్నగా పోవుట దమ్ము చేయు డ్రైవర్లందరు ఎరిగినదే.

గట్టి పొర లేని లోతు మళ్ళ సంగతి వేరు. ఊబి నేలలో బరువు తక్కువ గల చిన్న ట్రాక్టరు మేలు. అక్కడ రెండు చక్రముల బండి గట్టు దగ్గర దిగబడును. నాలుగు చక్రములది మడి నడుమ దిగబడును. దానిని పైకి తీయు ఖర్చు ఎక్కువ.

దమ్ము చక్రములతో తారు రోడ్డు ఎక్కుటను గూర్చి గ్రామోద్యోగులకు ఒక మనవి. ఒక్క ట్రాక్టరు ఒక్క కార్తెలో కొత్త రోడ్డును గుంటలు చేయగలదు. దమ్ము మొదలగుటకు ముందే, చక్రములను ట్రాలీలో వేసికొని పోయి చేను గట్టున బిగించుకొనవలెనని చాటింపు వేయించుట, తరువాత జరిమానాలు వ్రాయుటకన్న సులభము.

దిగబడిన ట్రాక్టరు

ఈ భాగమును ట్రాక్టరు నడుపు పిల్లలకు చదివి వినిపింప కోరుచున్నాను.

ఒక సాయంకాలము కాలువ ప్రక్క మడిలో ట్రాక్టరు దిగబడినదని తెలిసి వెళ్ళితిని. ఇరువది ఏండ్లు దాటని యువకుడు నడుపుచున్నాడు. నేను గట్టు చేరుసరికే రెండు వెనుక చక్రములకు ముందు అడ్డముగా ఒక చింత దుంగ పెట్టి, గొలుసుతో కట్టిరి. చక్రము దుంగను క్రిందికి లాగికొని దాని మీదికి ఎక్కునని వారి ఆలోచన. ఆపుమని నేను కేక వేయులోపలనే అతడు గేరు వేసి క్లచ్ వదలెను. దుంగ కదలలేదు. ముందు చక్రములు మనిషి రొమ్ము ఎత్తు లేచినవి. అతని కాలు ఇంకను క్లచ్ మీదనే ఉండెను గనుక త్రొక్కెను. ట్రాక్టరు ధబాలున క్రిందపడెను. గట్టు మీదనున్న అతని తండ్రికి చాలసేపు మాట రాలేదు.

ఇక్కడ జరుగునదేమి? ఇంజను ఇరుసును త్రిప్పవలెనని చూచును. చక్రము తిరుగగలిగినచో ట్రాక్టరు ముందుకు పోవును. బురదయో, దుంగయో చక్రమును కట్టివేసినచో, చక్రము తిరుగుటకు బదులు ట్రాక్టరే ఇరుసు చుట్టు తిరిగి పైకి లేచును. వెనుకకు బోర్లపడుటకు రెండు సెకండ్లు కూడ పట్టదు. అంతలో ఆలోచించి క్లచ్ త్రొక్కగల మనిషి అరుదు. కాబట్టి చక్రములకు దుంగ కట్టరాదు. ముందుకు పోలేనిచో, చక్రముల వెనుక తవ్వి, వచ్చిన దారినే వెనుక గేరులో బయటికి రావలెను. అదియు కానిచో పనిముట్టు విప్పి, వేరొక ట్రాక్టరుతో మెల్లగా లాగింపవలెను. లాగు ట్రాక్టరుకు గొలుసును క్రిందనున్న డ్రాబారు హుక్కుకే తగిలింపవలెను. ఇరుసుకు గాని, టాప్ లింకు బిగించు చోటుకు గాని ఎన్నడును తగిలింపరాదు. ఇరుసుకన్న ఎత్తున లాగిన ప్రతి లాగుడు ముందు భాగమును పైకెత్తును. గొలుసు తెగినపుడు అది కొరడా వలె వచ్చును. దగ్గర ఎవ్వరిని నిలువనీయరాదు. మడ్‌గార్డు మీద పిల్లలను కూర్చుండబెట్టుట ఏ పనిలోను తగదు.

నాలుగు చక్రముల ట్రాక్టరులో ముందు బరువు ఎక్కువ కావున ఇట్లు లేచుట కొంత తక్కువ. తక్కువయే గాని, లేకపోలేదు. ఏ రకము కొనినను, డ్రైవరు వెనుక నిలువెత్తు రక్షణ కమాను, దానితోపాటు సీటు బెల్టు ఉన్నది కొనుట మేలు. స్వీడన్ దేశములో 1959లోనే కొత్త ట్రాక్టర్లకు ఇట్టి రక్షణ చట్రమును విధిగా చేసిరి. ఆ తరువాత బోల్తాపడి మరణించువారి సంఖ్య అక్కడ బాగుగా తగ్గినది. బెల్టు లేనిదే కమాను పూర్తిగా కాపాడదు. బోర్లపడునపుడు మనిషి కమాను నీడలోనే ఉండవలెను గదా.

నాలుగు చక్రముల ట్రాక్టరు ఉన్నవారికి

పూర్వము కర్నూలు, బళ్ళారి నల్లరేగడి భూములలో గరిక పెకలించుటకు పెద్ద మడకకు అనేక జతల ఎద్దులను వరుసగా కట్టి దున్నెడివారు. ముందు జత వెనుక జతకన్న ఒక వాసి చురుకుగా నడువవలెను. లేనిచో త్రాడు సడలి లాగుడంతయు వెనుక జతపై పడును. మరీ చురుకైనచో ఒకదానిని ఒకటి ఈడ్చుకొనును. ట్రాక్టరులోను అంతే. ముందు చక్రములు చిన్నవి కావున ఎక్కువ చుట్లు తిరుగును; నేల మీద వాటి నడక వెనుక చక్రముల నడకకన్న నూటికి ఒకటి నుండి ఐదు పాళ్ళు ఎక్కువగా ఉండునట్లు గేర్లు చేసిరి. ముందు టైర్లు అరిగిపోగా వెనుక మాత్రము కొత్తవి వేసినను, చౌకగా దొరికినవని వేరొక కొలత టైర్లు వేసినను ఈ పొందిక చెడును. ముందు చక్రములు లాగుటకు బదులు ఈడ్వబడును.

తారు రోడ్డు మీద ముందు ఇరుసును విడదీయవలెను. మలుపులో ముందు చక్రములు వెనుకవాటికన్న పెద్ద వృత్తములో పోవును. మెత్తని నేలలో ఆ తేడా జారి సర్దుకొనును. గట్టి రోడ్డు మీద జారదు. టైర్లు అరుగును, గేర్ల మీద బిగువు పడును. లివరు వేసియే ట్రాలీతో పది మైళ్ళు పోయి, “ముందు టైర్లు ఏడాదికే అరిగినవి, కంపెనీ మోసము” అను ఫిర్యాదులు వినుచుందుము. ముందు ఇరుసులోని నూనెను వేళకు మార్చవలెను. దమ్ము తరువాత సీళ్ళ వద్ద కారుచున్నదేమో చూడవలెను. నూనె పాలవలె తెల్లబడినచో నీరు చేరినదని అర్థము. ఇక ఒక్కరోజు కూడ నడుపరాదు.

ఎవరికి ఏది?

మెట్ట చేను, చల్క నేల, గొర్రు, గుంటక, విత్తనపు గొర్రు, సంవత్సరములో సగము దినములు ట్రాలీ కిరాయి. ఇట్టి రైతుకు రెండు చక్రముల ట్రాక్టరు చాలును. ఇరుకైన గట్ల మధ్య అది చిన్న చోటులో తిరుగును కూడ. దమ్ము కిరాయి ప్రధాన జీవనమైనవారికి, నల్లరేగడిలో పదునున్నపుడే లోతు దుక్కి చేయవలసినవారికి, ముందు భాగమున లోడరు బిగించువారికి, ఇసుక నేలలో తోటలు గలవారికి నాలుగు చక్రములు ధర్మముగా పనికివచ్చును. రేగడిలో వాన వెలిసిన తరువాత రెండు దినములు ముందుగా చేనిలోకి దిగగలుగుటయే ఒక్కొక్క సంవత్సరము పంటను నిలుపును. కాని తడి ఆరని రేగడిని తొక్కిన నేల గట్టిపడునని మరువరాదు. దిగగలుగుట వేరు, దిగదగుట వేరు.

రోటవేటరు కొరకు నాలుగు చక్రములు తప్పవని చెప్పుట మాత్రము సగము నిజము. రోటవేటరు శక్తిని పి.టి.ఓ. నుండి తీసికొనును. దాని కత్తులు నేలను కొట్టునపుడు ట్రాక్టరును ముందుకే త్రోయును. పొడి చేనిలో దానికి లాగుడు బలముతో పనియే తక్కువ, కావలసినది పి.టి.ఓ. వద్ద చాలినంత అశ్వశక్తి. పెద్ద రోటవేటరును పైకెత్తునపుడు ముందు భాగము తేలుటకు ముందు బంపరు బరువులు చాలును.

కొనుటకు ముందు మీ చేనిలోనే, మీ పనిముట్టుతోనే నడిపి చూపుమని అడుగవలెను. సున్నపు గీత కొలతను లివరు వేసి ఒకసారి, తీసి ఒకసారి చేయవలెను. రెండు కొలతలకు నాలుగైదు పాళ్ళ తేడాయే ఉన్నచో ఆ లక్షతో చేయదగిన పనులు మీ పొలములో వేరే ఉండును. ఈ కొలత తీయుటలో సహాయము కావలసినవారు తమ గ్రామమునకు చెందిన వ్యవసాయ విస్తరణాధికారిని గాని, వ్యవసాయ సహాయకుని గాని దున్నకములకు ముందుగానే కలిసికొనవలెను. కార్తె మొదలైన తరువాత వారికిని, మీకును తీరిక ఉండదు.